53 లక్షలకు సీల్, అదే ధరకు గోల్ఫ్ జీటీఐ: త్వరణంలో అసలు తేడా ఎక్కడ ఉంది?

గాజువాక_వంశీ (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది కారు మార్చాలని నిశ్చయించుకున్నాను. చివరికి రెండు కార్లు మిగిలాయి, విడుదలైనప్పటి షోరూమ్ ధరలో రెండూ 53 లక్షల దగ్గరే ఉన్నాయి. ఒకటి 2025లో మన దేశానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. దానికి రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 265 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్నాయి. ఆగి ఉన్న చోటి నుంచి గంటకు 100 కి.మీ. వేగాన్ని 5.9 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ చెబుతోంది. రెండవది 2024లో వచ్చిన బీవైడీ విద్యుత్ కారు సీల్ పర్ఫార్మెన్స్. దానికి ముందొక మోటారు, వెనకొక మోటారు కలిపి 530 హార్స్‌పవర్, 670 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఉన్నాయి. అదే వేగానికి 3.8 సెకన్లు చాలునట.

సీల్ బరువు 2,185 కిలోలు. గోల్ఫ్ ఒకటిన్నర టన్నుకు లోపే. ఇంత బరువు మోస్తూ కూడా సీల్ రెండు సెకన్లకు పైగా ముందుండడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఈ తేడా కాగితం మీది అంకెలకే పరిమితమా, లేక నర్సీపట్నం వైపు రెండు వరుసల రోడ్డులో లారీని దాటేటప్పుడు కూడా ఇంతే ఉంటుందా అన్నది నా ప్రశ్న. ఛార్జింగ్, తిరిగి అమ్మితే వచ్చే ధర వంటి విషయాలపై ఇక్కడ వేరే చర్చలు ఉన్నాయి కనుక దయచేసి త్వరణం గురించే చెప్పండి.

లెక్కల_మాస్టారు

వంశీ గారూ, బరువు సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. దాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. డ్రైవరుతో కలిపి సీల్ సుమారు 2,260 కిలోలు అనుకుంటే, 100 కి.మీ. వేగంలో, అంటే సెకనుకు 27.8 మీటర్ల వేగంలో, దాని గతిశక్తి దాదాపు 870 కిలోజౌళ్లు అవుతుంది. దానిని 3.8 సెకన్లలో కూడగట్టాలంటే సగటున 230 కిలోవాట్ల శక్తి చక్రాలకు అందాలి. ఆ కారు గరిష్ఠ శక్తి 390 కిలోవాట్లు. అంటే బయలుదేరిన క్షణం నుంచి సగటున గరిష్ఠంలో అరవై శాతం దాకా వాడుకోగలుగుతోంది. గోల్ఫ్‌కు ఇదే లెక్క వేస్తే సుమారు 590 కిలోజౌళ్లు, 5.9 సెకన్లు, సగటున 100 కిలోవాట్లు వస్తాయి. దాని గరిష్ఠ శక్తి 195 కిలోవాట్లు కనుక వాడుకున్నది సగం మాత్రమే.

ఈ తేడాకు మూల కారణం యంత్రాల స్వభావంలోనే ఉంది. విద్యుత్ మోటారు సున్నా ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే పూర్తి టార్క్ ఇవ్వగలదు. ఒక వేగం దాటిన తరువాత టార్క్ తగ్గుతున్నా శక్తి చాలా దూరం నిలకడగా ఉంటుంది. పెట్రోల్ ఇంజనుకు ముందు తిరుగుడు కావాలి, తరువాత ఇంజనులోకి గాలిని అదిమి పంపే టర్బోలో ఒత్తిడి పెరగాలి, ఈలోగా క్లచ్ జారుతూ పట్టుకోవాలి. గరిష్ఠ శక్తి దొరికేది కొద్దిపాటి ఆర్‌పీఎంల మధ్యనే కాబట్టి గేర్లు మారుస్తూ ఇంజనును ఆ పరిధిలోకి మళ్లీ మళ్లీ తీసుకురావాలి.

దీనికి పట్టు సమస్య తోడవుతుంది. కారు ముందుకు దూకినప్పుడు బరువు వెనుక చక్రాల మీదికి ఒరుగుతుంది, ముందు చక్రాలు తేలికబడతాయి. గోల్ఫ్‌ను లాగేది సరిగ్గా ఆ తేలికబడిన చక్రాలే. సీల్‌కు నాలుగు చక్రాలూ లాగుతాయి. అందువల్ల మీరు పోలుస్తున్నది విద్యుత్తును, పెట్రోలును మాత్రమే కాదు. ముందు చక్రాల చోదనాన్ని, నాలుగు చక్రాల చోదనాన్ని కూడా.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. టైరుకు, రోడ్డుకు మధ్య ఘర్షణ గుణకం 1 అనుకుంటే, ఎంత శక్తి ఉన్న కారైనా 100 కి.మీ. వేగానికి 2.8 సెకన్ల కంటే ముందుగా చేరలేదు. అంతకంటే తక్కువ సమయం ఎక్కడైనా కనిపిస్తే అక్కడి టైరు, రోడ్డు, కొలిచిన పద్ధతి మూడింటినీ అడిగి తెలుసుకోవాలి.

బోయిన్‌పల్లి_టర్బో

మాస్టారు చివర చెప్పిన మాటనే నేను చాలాకాలంగా చెబుతున్నాను. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 2021లో వచ్చినప్పుడు గంటకు 60 మైళ్ల వేగానికి 1.99 సెకన్లు అని ప్రకటించారు. 1,020 హార్స్‌పవర్, మూడు మోటార్లు ఉన్న ఆ కారు వేగవంతమైనదనడంలో సందేహం లేదు. కానీ ఆ 1.99 నుంచి మొదటి అడుగు దూరాన్ని తీసివేశారు. అమెరికాలోని ఒక మోటారు పత్రిక పరీక్షించినప్పుడు జిగురు పూసిన డ్రాగ్ ట్రాక్ (తిన్నని దారిలో వేగపు పందేలు జరిగే చోటు) మీద 1.98 సెకన్లు, మామూలు తారు మీద 2.07 సెకన్లు వచ్చాయి.

పైగా అలాంటి ట్రాక్ మీద పెట్రోల్ కారూ తక్కువ తినలేదు. 2023 నాటి డాడ్జ్ ఛాలెంజర్ డెమన్ 170 సూపర్‌ఛార్జర్ ఉన్న 6.2 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజనుతో, ఇథనాల్ ఎక్కువగా కలిసిన ఈ85 ఇంధనం మీద 1,025 హార్స్‌పవర్ ఇస్తుంది. దానికి ప్రకటించిన సమయం 60 మైళ్లకు 1.66 సెకన్లు, పావు మైలుకు 8.91 సెకన్లు. లాగేవి వెనుక రెండు చక్రాలే. పట్టు దొరికితే ఇంజను ఏం చేయగలదో చెప్పడానికి నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మిషిగన్_శ్రీధర్

టర్బో గారు ప్రస్తావించిన ఆ మొదటి అడుగు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను ఇక్కడ డ్రాగ్ స్ట్రిప్‌లకు తరచూ వెళ్తుంటాను. గీత దగ్గర నేలకు కొన్ని అంగుళాల ఎత్తులో ఒక కాంతి పుంజం అడ్డంగా ఉంటుంది. ముందు టైరు ఆ పుంజానికి అడ్డుపడేలా కారును నిలపాలి. పచ్చ దీపం వెలిగి కారు కదిలినా, ఆ టైరు పుంజాన్ని పూర్తిగా వదిలి ముందుకు జరిగేదాకా గడియారం మొదలుకాదు. ఆ జరిగే దూరం సుమారు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు.

ముప్పై సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు. 1 జి త్వరణంతో (కింద పడే వస్తువుకు ఉండేంత త్వరణంతో) కదిలే కారుకు ఆ దూరం దాటడానికి దాదాపు పావు సెకను పడుతుంది, అప్పటికే అది గంటకు 9 కి.మీ. వేగంతో ఉంటుంది. ఇక్కడి పత్రికలు చాలావరకు ఆ పావు సెకనును తీసివేసిన అంకెనే అచ్చువేస్తాయి. పైగా 60 మైళ్లంటే 96.6 కి.మీ. మాత్రమే. ఐరోపా కంపెనీల 0–100 అంకెను అమెరికా 0–60 అంకె పక్కన పెట్టి తీర్పు చెప్పేవారు ఈ రెండు తేడాలనూ సరిచేసుకోవాలి. డెమన్ 170కి ప్రకటించిన 1.66 సెకన్లలో కూడా ఈ మినహాయింపు ఉంది, పైగా దానికి కంపెనీ అమర్చిన వెనుక టైర్లు డ్రాగ్ రేసుల కోసం చేసినవి. ఆ అంకెను పట్టుకుని వానాకాలపు రోడ్డు మీద ఆ కారు ఎలా నడుస్తుందో ఊహించడం సరికాదు.

స్టుట్‌గార్ట్_స్వాతి

అందరికీ నమస్కారం. వేర్వేరు కంపెనీలను, వేర్వేరు దేశాల కొలతలను పోల్చే కంటే, ఒకే కంపెనీ ఒకే పద్ధతిలో కొలిచిన రెండు కార్లను పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుందని నా అభిప్రాయం. 2019 పోర్షే టేకాన్ టర్బో ఎస్‌ను, 2020 పోర్షే 911 టర్బో ఎస్‌ను చూడండి. టేకాన్ లాంచ్ కంట్రోల్‌లో (గరిష్ఠ త్వరణంతో బయలుదేరే ఏర్పాటులో) 761 హార్స్‌పవర్, బరువు 2,295 కిలోలు. 911 శక్తి 650 హార్స్‌పవర్, బరువు 1,640 కిలోలు. గంటకు 100 కి.మీ. చేరడానికి టేకాన్‌కు 2.8 సెకన్లు, 911కు 2.7 సెకన్లు. ఇక్కడ రెండూ సమానమే అనుకోవచ్చు.

ఇప్పుడు 200 కి.మీ. వేగానికి చూడండి. 911కు 8.9 సెకన్లు, టేకాన్‌కు 9.8 సెకన్లు. మొదటి వందలో పదో వంతు సెకనుగా ఉన్న తేడా రెండవ వందలో మరో 0.8 సెకన్లు పెరిగింది. గరిష్ఠ వేగం ఒకదానికి 330 కి.మీ., మరొకదానికి 260 కి.మీ. టేకాన్‌లో వెనుక మోటారుకు రెండు గేర్లు పెట్టడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే: మొదటి గేరు బయలుదేరడానికి, రెండవది పై వేగాలకు. చాలా విద్యుత్ కార్లకు ఉన్నది ఒకే గేరు.

అయితే దీనినే చివరి మాటగా తీసుకోవద్దని మనవి. 2024లో వచ్చిన టేకాన్ టర్బో జీటీ, ట్రాక్ కోసం బరువు తగ్గించే వైసాక్ ప్యాకేజీతో 100 కి.మీ. వేగాన్ని 2.2 సెకన్లలో అందుకుంటుంది. దాని శక్తి రెండు సెకన్ల పాటు 1,108 హార్స్‌పవర్ దాకా వెళ్తుంది. 2025లో వచ్చిన కొత్త 911 టర్బో ఎస్‌కు 711 హార్స్‌పవర్, 100కి 2.5 సెకన్లు, 200కి 8.4 సెకన్లు. ఆ కొత్త 911లో టర్బోలను తిప్పడానికి విద్యుత్ మోటార్లు ఉన్నాయి, గేర్‌బాక్సులో మరో మోటారు ఉంది. పెట్రోల్ కారు తన లోటును పూడ్చుకోవడానికి విద్యుత్తును ఆశ్రయించడం ఈ పోలికలో నాకు అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం.

బోయిన్‌పల్లి_టర్బో

స్వాతి గారు ఇచ్చిన 0–200 అంకెలు నా వాదనకే బలం చేకూరుస్తున్నాయి. ఒకసారి బ్యాటరీ వేడెక్కిన తరువాత విద్యుత్ కారు అదే సమయాన్ని మళ్లీ చేయగలదా అన్నది ఇంకో ప్రశ్న. నా స్నేహితుడి విద్యుత్ కారును (కంపెనీ పేరు ఇక్కడ చెప్పడం లేదు) ఒక ట్రాక్ మీద నడిపినప్పుడు, రెండో ల్యాప్‌కే డాష్‌బోర్డు మీద శక్తి తగ్గించినట్టు గుర్తు వెలిగింది, ఆ తరువాత ఎంత తొక్కినా కారు మందకొడిగానే కదిలింది.

స్టుట్‌గార్ట్_స్వాతి

టర్బో గారూ, మీ అనుభవం నిజమే, కానీ అది ఆ కారు శీతలీకరణకు సంబంధించినది. 2019లో టేకాన్ విడుదలకు ముందు పోర్షే జర్మనీలోని లార్ విమానాశ్రయంలో ఒక పరీక్ష చేసింది. వరుసగా 26 సార్లు సున్నా నుంచి 200 కి.మీ. వేగానికి పరుగెత్తించారు. సగటు సమయం పది సెకన్ల లోపు వచ్చింది. అన్నిటికంటే వేగవంతమైన పరుగుకు, నెమ్మదైన పరుగుకు మధ్య తేడా 0.8 సెకన్లు. 800 వోల్టుల వ్యవస్థ వల్ల అదే శక్తికి తక్కువ కరెంటు సరిపోతుంది, కరెంటు తగ్గితే తీగల్లో వేడీ తగ్గుతుంది. కంపెనీ చేసిన పరీక్షే కావచ్చు. అయినా విద్యుత్ కార్లన్నీ ఒక్క పరుగుకే అలసిపోతాయనే అభిప్రాయాన్ని అది తోసిపుచ్చుతుంది.

మరోవైపు ప్లెయిడ్‌లో గరిష్ఠ ఫలితం కోసం డ్రాగ్ స్ట్రిప్ మోడ్ పెడితే, బ్యాటరీని, మోటార్లను తగిన ఉష్ణోగ్రతకు తెచ్చేందుకు 8 నుంచి 15 నిమిషాలు ఆగాలి. 911లో లాంచ్ కంట్రోల్ అంటే ఎడమ కాలితో బ్రేకు గట్టిగా నొక్కి, కుడి కాలితో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కడమే. ఇంజను 5,000 ఆర్‌పీఎం దగ్గర నిలబడి గర్జిస్తుంది, సీటు సన్నగా అదురుతుంది, బ్రేకు వదలగానే క్లచ్‌లు పట్టుకుంటాయి. దానికి ముందు నిమిషాల తరబడి వేచి ఉండాల్సిన పని లేదు.

లెక్కల_మాస్టారు

200 దాటిన తరువాత పెట్రోల్ కారు ఎందుకు పుంజుకుంటుందో కొంచెం చెప్పాలి. గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. ముందు వైశాల్యాన్ని నిరోధ గుణకంతో హెచ్చిస్తే 0.6 చదరపు మీటర్లు వచ్చే కారును తీసుకుంటే, 100 కి.మీ. దగ్గర ఇందుకు సుమారు 8 కిలోవాట్లు చాలు. 200 దగ్గర 62, 300 దగ్గర 208 కిలోవాట్లు కావాలి. అక్కడ టార్క్ ఎంత త్వరగా వచ్చింది అన్న ప్రశ్నకు విలువ ఉండదు, మిగిలిన శక్తి ఎంత అన్నదే ముఖ్యం. ఒకే గేరుతో తిరిగే మోటారు ఆ వేగాలలో తన గరిష్ఠ శక్తి పరిధిని దాటిపోయి ఉంటుంది. పెట్రోల్ కారుకు నాలుగో గేరో, ఐదో గేరో ఇంజనును మళ్లీ సరైన చోట నిలబెడుతుంది.

అయితే శక్తి అపారంగా ఉంటే ఈ లోటు కూడా కనిపించదు. నిలుపు నుంచి 400 కి.మీ. వేగానికి వెళ్లి తిరిగి ఆగే పరీక్షనే తీసుకోండి. 2017లో 1,500 హార్స్‌పవర్ బుగాటీ షిరాన్‌కు 41.96 సెకన్లు పట్టింది. 2023లో నాలుగు మోటార్ల క్రొయేషియా కారు రిమాక్ నెవెరా 29.93 సెకన్లలో పూర్తిచేసింది. 2024లో స్వీడన్ పెట్రోల్ కారు కోనిగ్‌సెగ్ జెస్కో అబ్సొల్యూట్ 27.83 సెకన్లకు తగ్గించింది. 2025లో నెవెరా ఆర్ 25.79 సెకన్లతో దానిని మళ్లీ విద్యుత్తు వైపుకు లాగింది. ఎనిమిదేళ్లలో పదహారు సెకన్లు తగ్గడం మామూలు విషయం కాదు.

హుస్సేన్‌సాగర్_రేసర్

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో జరిగిన విద్యుత్ రేసు కార్ల ఫార్ములా ఈ పోటీని గ్రాండ్‌స్టాండ్ నుంచి చూసినవారు ఈ చర్చను ఇంకోలా చూస్తారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మనం రోజూ తిరిగే రోడ్ల మీద, సచివాలయం పక్కనుంచి 2.8 కి.మీ. సర్క్యూట్ వేశారు. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ మూడవ తరం కార్ల శక్తి 350 కిలోవాట్లు. నెమ్మదైన మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు వాటి త్వరణం చెవికి కాదు, కంటికి తెలిసింది. శబ్దం పెరగకుండానే కారు చిన్నదైపోయేది. ఆ తరువాత వచ్చిన జెన్3 ఈవో కారుకు నాలుగు చక్రాల చోదనం జోడించారు. 60 మైళ్ల వేగానికి 1.82 సెకన్లు అని ప్రకటించారు. దాని శక్తి ఫార్ములా 1 కారు శక్తిలో సగానికి కూడా చేరదు, అయినా ఆ మొదటి రెండు సెకన్లలో ఇదే ముందుంటుంది.

అసలు హద్దు ఎక్కడుందో చూడాలంటే, 2023 సెప్టెంబరులో స్విట్జర్లాండులో విద్యార్థులు తయారుచేసిన మైథన్ అనే విద్యుత్ కారు 100 కి.మీ. వేగాన్ని 0.956 సెకన్లలో అందుకుంది. 140 కిలోల ఆ కారు నేల నుంచి గాలిని పీల్చి తనను తాను రోడ్డుకు అదుముకుంటుంది. మాస్టారు చెప్పిన 2.8 సెకన్ల హద్దును దాటడానికి వారు ఎన్నుకున్న దారి అది.

హైవే_రాంబాబు

వంశీ గారు అడిగింది నర్సీపట్నం రోడ్డు గురించి. అక్కడికి రావాలని నా కోరిక. నేను రోజూ ఉద్యోగరీత్యా విద్యుత్ కారు నడుపుతాను, ఇంట్లో టర్బో పెట్రోల్ ఆటోమేటిక్ ఉంది. మీరు అడిగిన ప్రశ్నకు 0–100 అంకె సరైన జవాబు కాదు. మనం లారీ వెనుక 60లోనో, 70లోనో ఉంటాం. ఎదుటి రోడ్డు ఖాళీ కాగానే తొక్కుతాం. అప్పుడు పెట్రోల్ ఆటోమేటిక్ ఏం చేస్తుంది? కాలు దిగిందని గ్రహించి, ఆరో గేరు నుంచి మూడుకో, రెండుకో దిగి, టర్బోలో ఒత్తిడి తెచ్చుకుని, అప్పుడు కదులుతుంది. డ్యుయల్ క్లచ్‌లో గేరు మార్పు త్వరగానే జరుగుతుంది, కానీ కదలిక మొదలయ్యే లోపు ఒక చిన్న విరామం తప్పదు. విద్యుత్ కారులో ఆ విరామం దాదాపు ఉండదు. కాలు కదిలిన వెంటనే వీపు సీటుకు ఆనుతుంది.

పెట్రోల్ కారును బాగా నడిపేవారు దీనికి ఉపాయం తెలిసినవారే. లారీ పక్కకు రాకముందే స్టీరింగు వెనుక ఉండే ప్యాడిల్ మీటతో గేరు దించి, ఇంజనును 3,500 దగ్గర ఉంచి సిద్ధంగా ఉంటారు. అలా నడిపితే తేడా చాలా తగ్గుతుంది. కానీ పక్కన అమ్మ కూర్చున్నప్పుడు, వెనుక పిల్లలు నిద్రపోతున్నప్పుడు ప్రతిసారీ ఇంజనును అరిపిస్తూ నడపాలని ఎవరికీ అనిపించదు.

లెక్కల_మాస్టారు

రాంబాబు గారు చెప్పినదానికి అంచనా అంకెలు జోడిస్తాను. 80 నుంచి 120కి చేరడానికి సీల్‌కు దాదాపు 700 కిలోజౌళ్లు, గోల్ఫ్‌కు సుమారు 470 కిలోజౌళ్లు కావాలి. గరిష్ఠ శక్తిలో 85 శాతం చక్రాలకు చేరుతుందనుకుంటే సీల్‌కు రెండు సెకన్ల పైచిలుకు, గోల్ఫ్‌కు మూడు సెకన్ల లోపు వస్తుంది. దానికి గేరు దిగే సమయం కలపండి. అంటే సెకనుకు కాస్త అటూఇటూ తేడా. 100 కి.మీ. వేగంలో ఒక సెకను అంటే 28 మీటర్లు. రెండు వరుసల రోడ్డులో ఎదుటి వరుసలో 28 మీటర్లు తక్కువ ఉండడం చిన్న విషయం కాదు, అయితే దాటవచ్చా లేదా అన్న నిర్ణయం ఆ 28 మీటర్ల మీద ఆధారపడే పరిస్థితి వస్తే దాటకపోవడమే మంచిది.

బెజవాడ_ఇంజనీర్

ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. మే నెలలో విజయవాడలో టర్బో పెట్రోల్ కారు జనవరిలో ఇచ్చిన పికప్ ఇవ్వదు. వేడి గాలి పలచగా ఉంటుంది, ఇంజనులోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ట్రాఫిక్‌లో కాగిపోతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) రాకుండా ఇంజను కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. నాకింగ్‌ను తట్టుకునే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కొంత సాయం చేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చిన ఎక్స్‌పీ100 వంటివి పెద్ద నగరాల్లో దొరుకుతున్నాయి. మోటారు గాలిని పీల్చదు కనుక ఈ నష్టం దానికి ఉండదు. కానీ బ్యాటరీ ఎండలో నిలిచి, వెంటనే ఫాస్ట్ ఛార్జింగ్ చేసి, ఆపైన గట్టిగా తొక్కితే దాని కంప్యూటర్ కూడా కరెంటుకు హద్దు పెడుతుంది. ఛార్జి బాగా తగ్గిన తరువాత కూడా గరిష్ఠ శక్తి దొరకదు. అందువల్ల టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు బ్యాటరీ ఎంత శాతం ఉందో తప్పకుండా చూడండి. షోరూమ్ వాళ్లు నిండుగా ఛార్జి చేసి ఇచ్చిన కారు ఒకలా ఉంటుంది, సాయంత్రం ఇరవై శాతం మీద ఇచ్చిన కారు ఇంకోలా ఉంటుంది.

గాజువాక_వంశీ

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. నాకు కావలసింది 60–100, 80–120 అంకెలేనని ఇప్పుడు స్పష్టమైంది. వచ్చే వారం రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే వేళలో నడపాలని అనుకుంటున్నాను. సీల్‌ను నిండు ఛార్జి మీద ఒకసారి, ముప్పై శాతం దగ్గర ఒకసారి ఇమ్మని అడుగుతాను. గోల్ఫ్‌ను డ్రైవ్ మోడ్‌లో ఒకసారి, ప్యాడిల్‌తో గేరు దించి ఒకసారి చూస్తాను. ఫోన్‌లోని యాప్‌తో కొలిస్తే సరిపోతుందా?

మిషిగన్_శ్రీధర్

ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒక్కసారే స్థానం చెబుతుంది కనుక రెండు మూడు సెకన్ల వ్యవధిని దానితో కొలవడం కుదరదు. సెకనుకు పది, ఇరవై సార్లు కొలిచే చిన్న జీపీఎస్ పెట్టెలు దొరుకుతాయి, అద్దం మీద అతికించుకోవచ్చు. అది రోడ్డు వాలును కూడా చూపిస్తుంది. ఒకే రోడ్డు మీద రెండు దిశల్లోనూ కొలిచి సగటు తీసుకోండి. ఒక శాతం వాలు ఉన్నా ఫలితం మారుతుంది.

హుస్సేన్‌సాగర్_రేసర్

ఒక చిన్న మనవి. 120 దాకా వెళ్లే కొలతను మామూలు రోడ్డు మీద పెట్టుకోవద్దు. మా ఔటర్ రింగ్ రోడ్డులో కూడా 120 అన్నది గరిష్ఠ పరిమితి, పరీక్షలకు ఇచ్చిన అనుమతి కాదు. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో, చెన్నై దగ్గరి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో సొంత కార్లను అనుమతించే ట్రాక్ రోజులు జరుగుతుంటాయి. షోరూమ్ కారును అక్కడికి ఇవ్వరు కనుక రోడ్డు మీద 40–80 వరకు మాత్రమే కొలవండి. గేరు దిగే ఆలస్యం అందులోనే తెలిసిపోతుంది.

గాజువాక_వంశీ

అలాగే చేస్తాను. జీపీఎస్ పెట్టెను ఒక మిత్రుడి దగ్గర అడిగి తీసుకుంటున్నాను. ఆనందపురం వైపు సర్వీసు రోడ్డులో ఉదయం పూట ఖాళీగా ఉండే చదునైన భాగం ఒకటి ఉంది. రెండు కార్ల 40–80 అంకెలు, బ్యాటరీ శాతం, ఆనాటి ఉష్ణోగ్రతతో సహా ఇక్కడే రాస్తాను.